ఇండియా సిమ్ ఫోన్‌లోంచి తీయకండి: అమ్మానాన్నల యూరప్ టూర్‌కి ఫోన్ ఏర్పాట్లు

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఖమ్మంలో ఉండే అమ్మానాన్నలు మే నెలలో గ్రూపు టూర్‌లో 15 రోజులు యూరప్ వెళ్తున్నారు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా లండన్, అక్కడి నుంచి పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. నాన్నగారు రిటైర్డ్ టీచర్, ప్రీపెయిడ్ నంబరు, ఈ మధ్య కొన్న ఆండ్రాయిడ్ ఫోన్. అమ్మగారిది ఐదేళ్ళ నాటి రెండు సిమ్‌ల ఫోన్. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు తన పాత ఐఫోన్ 14 అమ్మకి పంపిస్తానంటున్నాడు. ట్రావెల్స్ వాళ్ళేమో "ఇండియా సిమ్ తీసి ఇంట్లో పెట్టేయండి, మేమిచ్చే సిమ్ వేసుకోండి" అన్నారు. అలా చేయొచ్చా, తక్కువ ఖర్చులో ఏది మంచిది అని అడిగారు.

నేను పన్నెండేళ్ళుగా టూర్ మేనేజర్‌గా తెలుగువాళ్ళ గ్రూపుల్ని యూరప్ తీసుకెళ్తున్నాను. ఎక్కువమంది యాభై ఐదు దాటిన దంపతులే. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి టికెట్లు కొనిపెడతారు, వీళ్ళిద్దరూ వస్తారు. కాబట్టి మీ అమ్మానాన్నల్లాంటి వాళ్ళ ఫోన్ కష్టాలు నాకు బాగా తెలుసు. ఖర్చు విషయం తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట: ఇండియా సిమ్ తీయొద్దు. ఇంట్లో అసలే పెట్టొద్దు.

ఎందుకో ఒక అనుభవంతో చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నా గ్రూపులో ఒక పెద్దాయన ఇలాగే సిమ్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చారు. స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో ఆయన భార్యకి కాలు మడతపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. బిల్లు కట్టబోతే కార్డు పనిచేయలేదు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మన కార్డులు ఇండియాలో వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. ఆయన చేసుకోలేదు. సరే, బ్యాంకు యాప్‌లో చేద్దామని తెరిస్తే "మీ సిమ్ కనబడటం లేదు, మళ్ళీ రిజిస్టర్ చేసుకోండి" అంది. మళ్ళీ రిజిస్టర్ కావాలంటే అదే నంబరు నుంచి మెసేజ్ వెళ్ళాలి. ఆ నంబరు హైదరాబాద్‌లో బీరువాలో ఉంది. గ్రూపులో ఒకాయన తన కార్డుతో కట్టారు కాబట్టి గడిచింది. ఆ పెద్దాయన ఆ రాత్రంతా నిద్రపోలేదు. బ్యాంకులో డబ్బుండి కూడా ఒకరి దగ్గర చేయి చాపాల్సి వచ్చిందని ఆయన బాధ.

అసలు జరిగేది ఏమిటంటే, యూపీఐ యాప్‌లు, చాలా బ్యాంకు యాప్‌లు మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఫోన్ నుంచి ఒక మెసేజ్ వాటంతట అవే పంపించుకుంటాయి. ఈ నంబరు సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని దాంతో ముడి వేసుకుంటాయి. సిమ్ తీసినా, వేరే ఫోన్‌లోకి మార్చినా ఆ ముడి తెగిపోవచ్చు. మళ్ళీ వేయాలంటే విదేశం నుంచి మెసేజ్ పంపాలి. అది వెళ్తే వెళ్తుంది, వెళ్ళకపోతే లేదు. ఇవి కాక ఓటీపీలు ఉండనే ఉన్నాయి. 2025 నవంబరులో టెలికాం శాఖ వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్‌లు కూడా ఫోన్‌లో సిమ్ ఉంటేనే పనిచేసేలా చేయాలని ఆదేశం ఇచ్చింది. సిమ్ ఫోన్‌లోనే ఉంచడానికి ఇది ఇంకో కారణం.

కాబట్టి మీరు లెక్క ఇలా వేసుకోండి. ఇండియా నంబరు మాట్లాడటానికి కాదు, అది బ్యాంకు తాళంచెవి. అది ఫోన్‌లో కదలకుండా ఉంటుంది, మెసేజ్‌లు మాత్రం అందుకుంటుంది. ఇంటర్నెట్, వాట్సాప్ కాల్స్, మ్యాపులు వేరే సిమ్ మీద నడుస్తాయి. ఈ రెండు పనులూ విడదీస్తే ఖర్చూ తగ్గుతుంది, టెన్షనూ తగ్గుతుంది.

ఇప్పుడు ఆ తాళంచెవి పనిచేయాలంటే బయల్దేరకముందే చూడాల్సినవి ఉన్నాయి. ప్రీపెయిడ్ రీచార్జ్ వ్యాలిడిటీ ప్రయాణం అయ్యాక కూడా కనీసం పది రోజులు ఉండాలి. మధ్యలో అయిపోతే ఓటీపీలు ఆగిపోతాయి. అలా జరిగితే మీరు ఇక్కడి నుంచి రీచార్జ్ చేయొచ్చు, కానీ వాళ్ళు మీకు చెప్పడానికి కూడా ఇంటర్నెట్ ఉండాలి కదా. రెండోది, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి. ఇది ఫోన్‌లో ఉండే మీట కాదు, కంపెనీ వైపు నుంచి తెరవాల్సిన సేవ. యాప్‌లోనో కస్టమర్ కేర్‌తోనో చేయించి, "ప్యాక్ లేకుండా బ్రిటన్‌లో, స్విట్జర్లాండ్‌లో మెసేజ్‌లు వస్తాయా" అని దేశం పేరు పెట్టి అడగండి. మామూలుగా రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కి చార్జీ ఉండదు. కానీ ప్రీపెయిడ్ నంబరుకి కొన్ని కంపెనీలు ప్యాక్ ఉంటేనే నెట్‌వర్క్ ఇస్తాయి. నా సలహా, నాన్నగారి నంబరు మీద దొరికే అతి చిన్న రోమింగ్ ప్యాక్ ఒకటి వేయించండి. డేటా కోసం కాదు. నెట్‌వర్క్ కచ్చితంగా అందాలని, అవసరం పడితే ఒక్క ఫోన్ కాల్ మాట్లాడగలగాలని. దాన్ని నేను ఇన్సూరెన్స్ లాగే చూస్తాను. ఆ ప్యాక్ కొన్న రోజు నుంచి మొదలవుతుందా, విదేశీ నెట్‌వర్క్ పట్టుకున్న రోజు నుంచా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. నాలుగు రోజుల ముందే కొని, దిగేసరికి సగం అయిపోయినవాళ్ళని చూశాను.

కార్డుల విదేశీ వాడకం కూడా ఇక్కడే, ఇప్పుడే ఆన్ చేయించండి. ఏటీఎం, దుకాణంలో వాడకం, ఆన్‌లైన్, మూడింటికీ వేర్వేరుగా ఉంటాయి. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) తీసుకుంటుంటే దానికి అమ్మగారి నంబరు ఇవ్వండి, డెబిట్ కార్డుకి నాన్నగారిది ఎలాగూ ఉంటుంది. ఒక ఫోన్ పోయినా, పాడైనా రెండో నంబరుతో ఒక దారి తెరిచే ఉంటుంది. యూపీఐ గురించి కూడా అడుగుతారేమో. 2024లో ఈఫిల్ టవర్ టికెట్లకి, పారిస్‌లోని గాలరీ లాఫాయెత్ మాల్‌లో యూపీఐ మొదలైంది. చూసి సంతోషపడటానికి బాగుంటుంది కానీ దాన్ని నమ్ముకుని వెళ్ళకండి. అక్కడి చిన్న దుకాణాల్లో కార్డు ఆనించడమో నగదు ఇవ్వడమో చేయాలి.

ఇక డేటా సంగతి. మూడు దారులు ఉన్నాయి: మన కంపెనీ రోమింగ్ ప్యాక్ పెద్దది వేయించుకోవడం, అక్కడ దిగాక లోకల్ సిమ్ కొనడం, ఇక్కడే అన్ని దేశాలకీ పనికొచ్చే ఈ-సిమ్ (ముక్క లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) గానీ మామూలు సిమ్ గానీ తీసుకెళ్ళడం. ఒక్క దేశం, ఐదు రోజులు అయితే మొదటిదే హాయి. ఏమీ మార్చక్కర్లేదు. నాలుగు దేశాలు, 15 రోజులు, వీడియో కాల్స్ మాట్లాడే అమ్మ అంటే పెద్ద ప్యాక్ ఖర్చు పెరుగుతుంది. లోకల్ సిమ్ అన్నిటికన్నా చవక కావచ్చు గానీ, గ్రూపు టూర్‌లో దానికి సమయం దొరకదు. లండన్ హీత్రూ విమానాశ్రయంలో దిగగానే బస్సు ఎక్కించేస్తాం. పైగా దేశదేశానికీ పద్ధతి వేరు. బ్రిటన్‌లో ప్రీపెయిడ్ సిమ్‌కి గుర్తింపు కాగితం అడగరు, షాపులో చాక్లెట్ కొన్నట్టు కొనుక్కోవచ్చు. ఇటలీలో పాస్‌పోర్టు చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి.

లోకల్ సిమ్‌తో ఇంకో చిక్కు సరిహద్దుల దగ్గర వస్తుంది. మీ ప్రయాణంలో ముఖ్యమైన మెలిక ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక నియమం ఉంది. ఒక సభ్య దేశంలో కొన్న సిమ్ మిగతా సభ్య దేశాల్లో కూడా సొంత దేశం ధరకే పనిచేయాలి. ఫ్రాన్స్ సిమ్ ఇటలీలో అదనపు చార్జీ లేకుండా పనిచేసేది అందుకే. యూనియన్‌లోని 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. ఈ ఏర్పాటును 2032 దాకా పొడిగించారు. కానీ స్విట్జర్లాండ్ ఇందులో లేదు. బ్రిటన్ కూడా 2021 నుంచి లేదు. మీ వాళ్ళు వెళ్ళే నాలుగు దేశాల్లో రెండు ఈ నియమానికి బయట ఉన్నాయన్న మాట! "యూరప్ సిమ్" అని రాసి ఉంటే నాలుగూ వస్తాయని అందరూ అనుకుంటారు. లండన్‌లో కొన్న సిమ్‌తో పారిస్ వెళ్తే కొన్ని కంపెనీలు రోజుకింత అని అదనంగా తీసుకుంటాయి. పారిస్‌లో కొన్న సిమ్ స్విట్జర్లాండ్‌లో డేటా ఇవ్వకపోవచ్చు, లేదా బ్యాలెన్స్ అంతా నిమిషాల్లో తినేయొచ్చు.

సరిహద్దు అంటే మన చెక్‌పోస్టు లాంటిదేమీ కనబడదు కూడా. పారిస్ నుంచి బస్సులో స్విట్జర్లాండ్ వైపు వెళ్తూ సరిహద్దులో ఉన్న స్విస్ నగరం బాసెల్ దగ్గర పడితే, మనం ఇంకా ఫ్రాన్స్‌లో ఉండగానే ఫోన్ స్విస్ టవర్ పట్టుకోవచ్చు. చాలా గ్రూపుల్ని లిక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్‌లో కాసేపు ఆపుతారు. ఆ దేశం నియమంలో ఉంది, కానీ పక్కనే రైన్ నది అవతల స్విట్జర్లాండ్. ఊళ్ళో నిలబడితే ఏ టవర్ పట్టుకుంటుందో ఫోన్ ఇష్టం. అందుకే ట్రావెల్స్ వాళ్ళిచ్చే సిమ్ అయినా, మీరు కొనే ఈ-సిమ్ అయినా, దేశాల జాబితాలో "స్విట్జర్లాండ్", "యునైటెడ్ కింగ్‌డమ్" అన్న పేర్లు మీ కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి. "ఉంటాయండీ" అన్న మాట చాలదు, జాబితా అడగండి.

నాన్నగారి ఫోన్‌కి ఈ-సిమ్ సరిపోతుందో లేదో ఇప్పుడే చూడొచ్చు. *#06# నొక్కితే వచ్చే నంబర్లలో ఈఐడీ అనే పొడవాటి నంబరు కనిపిస్తే ఆ ఫోన్‌లో ఈ-సిమ్ ఉన్నట్టే. ఈ-సిమ్ అంటే చేతికి దొరికే ముక్క ఏమీ ఉండదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లోనే ఒక లైను తయారవుతుంది. దీన్ని ఇంట్లో వై-ఫై మీద, మీరు పక్కన కూర్చుని ఎక్కించండి. విమానాశ్రయంలో ఎక్కించుకోవచ్చులే అని వదిలేయొద్దు, ఎక్కించడానికే ఇంటర్నెట్ కావాలి. ఒకసారి ఎక్కించాక పొరపాటున తీసేస్తే అదే కోడ్ మళ్ళీ పనిచేయకపోవచ్చు, నాన్నగారికి ఈ మాట గట్టిగా చెప్పండి. ఇంకా, టూర్‌లకి అమ్మే ఈ-సిమ్‌లు ఎక్కువగా డేటా మాత్రమే ఇస్తాయి. వాటికి ఫోన్ నంబరు ఉండదు. వాట్సాప్ మాట్లాడొచ్చు, మామూలు కాల్ చేయలేరు. మామూలు కాల్ కోసమే ఇండియా నంబరు మీద ఆ చిన్న ప్యాక్ అని ఇందాక చెప్పింది.

ఎక్కడ కొనాలి అన్నదానికి నా జవాబు, మన దేశంలో అనుమతి ఉన్నవాళ్ళ దగ్గర. విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అది లేదని 2024 జనవరిలో ఈ-సిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తీయించారు. అనుమతి ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, వీసా కాపీలు అడుగుతారు. అడిగితే చిరాకు పడకండి, అది సరైన పద్ధతే. ఒక్కొక్కరికి 15 రోజులకి 10 జీబీ చాలని నా అనుభవం. రోజూ గంటసేపు మనవళ్ళతో వీడియో కాల్ మాట్లాడేవాళ్ళయితే అది హోటల్ వై-ఫై మీద మాట్లాడమనండి.

అమ్మగారి ఫోన్ గురించి. తమ్ముడి ఐఫోన్ 14 ఇప్పుడు పంపించొద్దని నా సలహా. ప్రేమతో పంపుతున్నాడు, అర్థం చేసుకోగలను. కానీ అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14లో సిమ్ పెట్టే అర ఉండదు, ఈ-సిమ్ మాత్రమే. అమ్మగారి మామూలు సిమ్ అందులో పట్టదు, దాన్ని ఈ-సిమ్‌గా మార్పించాలి. పైగా అక్కడ కంపెనీ దగ్గర వాయిదాల్లో కొన్న ఫోన్ అయితే లాక్ ఉండొచ్చు, అప్పుడు వేరే కంపెనీ లైను ఏదీ పనిచేయదు. అన్నిటికీ మించి, కొత్త ఫోన్ చేతిలో పెట్టి నాలుగు దేశాలు తిరగమంటే ఆవిడకి కాల్ ఎత్తడం కూడా తడబాటే. అలవాటైన ఫోనే మంచి ఫోన్. ఐఫోన్ తిరిగొచ్చాక ఇవ్వండి.

ఆవిడ ఫోన్‌లో రెండు సిమ్‌ల చోటు ఉందన్నారు కదా, అదే చాలు. మొదటి చోట ఇండియా సిమ్ అలాగే ఉంటుంది. రెండో చోట ఆ నాలుగు దేశాలకీ పనికొచ్చే మామూలు సిమ్ వేయండి. ట్రావెల్స్ వాళ్ళిచ్చే సిమ్‌కి జాబితాలో ఆ రెండు దేశాలూ ఉంటే అది ఇక్కడే వాడుకోవచ్చు. కొన్ని ఫోన్లలో రెండో చోట మెమరీ కార్డు కూర్చుని ఉంటుంది. అలా ఉంటే దాన్ని తీసి జాగ్రత్త చేసి, ముందే ఫోటోలు వేరేచోట దాచండి. పాత ఫోన్ కాబట్టి స్విస్ కొండల్లో సిగ్నల్ కాస్త తక్కువ రావచ్చు. యూరప్‌లో పల్లెలకీ కొండలకీ వాడే 800 మెగాహెర్ట్జ్ 4జీని ఇక్కడ అమ్మిన కొన్ని ఫోన్లు పట్టుకోలేవు. ఊళ్ళల్లో ఇబ్బంది ఉండదు.

నాన్నగారి ఫోన్ హాట్‌స్పాట్ చాలదా అని చాలామంది పిల్లలు అడుగుతారు. ఇద్దరూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటే చాలు. కానీ ఉండరు. ఒకసారి రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ దగ్గర జనంలో ఒక అమ్మ విడిపోయారు. ఆవిడ ఇంటర్నెట్ అంతా భర్త హాట్‌స్పాట్ మీదే. ఆయన పక్కన లేరు కాబట్టి వాట్సాప్ లేదు. నా నంబరుకి మామూలు కాల్ చేశారట, పోలేదు. ఎందుకంటే నా నంబరు పది అంకెలతో సేవ్ అయి ఉంది, ముందు +91 లేదు. ఇటలీలో నిలబడి పది అంకెలు నొక్కితే అది మన ఊరికి ఎలా వస్తుంది? నలభై నిమిషాల తర్వాత, ఆవిడ కదలకుండా అక్కడే ఒక గెలాటో (ఐస్‌క్రీమ్) షాపు ముందు నిలబడి ఉంటే దొరికారు. నన్ను చూసి ఆవిడ ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తే. అప్పటి నుంచి నా గ్రూపులో ఎవరి ఫోన్‌కి వాళ్ళ డేటా ఉండాల్సిందేనని ముందే చెప్తున్నాను. ఖర్చు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, ఇక్కడ వద్దు. అలాగే ఇద్దరి ఫోన్లలో ముఖ్యమైన నంబర్లన్నీ +91తో మళ్ళీ సేవ్ చేయండి. మీ నంబరు, టూర్ మేనేజర్ నంబరు, ఒకరి నంబరు ఒకరికి, ఖమ్మంలో పక్కింటివాళ్ళది.

ఇప్పుడు ఫోన్ లోపల సెట్టింగ్స్. ఇక్కడ ఒక్కటి తప్పితే మొత్తం ఖర్చు తలకిందులవుతుంది. మొబైల్ డేటా ఏ లైను మీద నడవాలి అన్నచోట యూరప్ సిమ్‌ని ఎంచుకోవాలి. యూరప్ సిమ్‌కి డేటా రోమింగ్ ఆన్ ఉండాలి. చాలామంది "రోమింగ్ అంటే ఖర్చు" అని దాన్ని కూడా ఆపేసి నెట్ రావడం లేదని నా దగ్గరికి వస్తారు. అది టూర్ సిమ్, అది రోమింగ్‌లోనే పనిచేస్తుంది. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ ఉండాలి. ఆఫ్ చేసినా మెసేజ్‌లు వస్తాయి, భయం లేదు. ఇక అసలు దొంగ ఒకటుంది: ఒక లైనులో సిగ్నల్ బాగా లేకపోతే ఫోన్ తనంతట తాను రెండో లైను డేటాకి మారే ఏర్పాటు. శామ్‌సంగ్‌లో, ఐఫోన్‌లో, ఇంకా చాలా ఫోన్లలో ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. లేకపోతే కొండ మీద యూరప్ సిమ్ సిగ్నల్ తగ్గగానే ఇండియా సిమ్ మీదికి దూకే ప్రమాదం ఉంది.

వాట్సాప్ కొత్త సిమ్ చూసి "నంబరు మారిందా, కొత్త నంబరుకి మార్చమంటారా" అని అడుగుతుంది. వద్దు అనే నొక్కాలి. వాట్సాప్ పాత ఇండియా నంబరు మీదే నడుస్తుంది, డేటా మాత్రం కొత్త సిమ్‌ది. ఫోటోలు వాటంతట అవే గూగుల్‌లోకి ఎక్కడం, గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ వీడియోలు వాటంతట అవే దిగడం, ఈ రెండూ వై-ఫైలో మాత్రమే అని పెట్టండి. లండన్, పారిస్, రోమ్ మ్యాపులు, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఫ్రెంచి, ఇటాలియన్ ముందే దింపి ఉంచండి. నెట్ లేకపోయినా పనిచేస్తాయి. నాన్నగారికి మందులుంటే మెడికల్ షాపులో ఇది ఎంతో ఆసరా.

దుబాయ్‌లో దిగినప్పుడు మీకొక టెన్షన్ వస్తుంది, ముందే చెప్తున్నాను. అక్కడ విమానాశ్రయం వై-ఫై ఉచితమే, కానీ యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్ష ఉంది. మీరు కాల్ చేస్తే కలవదు, కలిసినా మాట వినబడదు. మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. "దిగాం, బాగున్నాం" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టమని ఇప్పుడే చెప్పి ఉంచండి. యూరప్ సిమ్ జాబితాలో యూఏఈ ఉండకపోవచ్చు, అక్కడ నెట్ రాలేదని కంగారు పడనక్కర్లేదు. విమానంలో ఫ్లైట్ మోడ్ తీయొద్దు. కొన్ని విమానాల్లో శాటిలైట్ మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, ఫోన్ దాన్ని పట్టుకుంటే చార్జీలు మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి రావు.

కాల్స్ గురించి మీ బంధువులందరికీ ఒక మాట చెప్పాలి. ఇండియా నంబరుకి ఎవరైనా ఫోన్ చేస్తే, యూరప్‌లో ఎత్తినందుకు మీ అమ్మానాన్నలకి చార్జీ పడుతుంది. ఎత్తకపోతే పడదు. చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ వాట్సాప్‌లోనే మాట్లాడమని చెప్పండి. టైము కూడా చెప్పండి. మే నెలలో పారిస్, రోమ్ మనకంటే మూడున్నర గంటలు వెనక, లండన్ నాలుగున్నర గంటలు. ఖమ్మంలో పొద్దున ఏడింటికి మేనత్త కాల్ చేస్తే వాళ్ళకక్కడ తెల్లవారుజాము మూడున్నర. ప్రతి టూర్‌లో ఎవరో ఒకరు పొద్దున టిఫిన్ దగ్గర నిద్రలేని కళ్ళతో కూర్చోవడానికి కారణం ఇదే.

లండన్‌లో, పారిస్ మెట్రోలో, రోమ్ బస్సుల్లో ఫోన్ దొంగతనాలు ఉన్నాయి. రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడొద్దని చెప్పండి. లండన్‌లో సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోతారు. ఇండియా సిమ్‌కి పిన్ పెట్టుకుంటే మంచిది. ఫోన్ పోయినా, దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి ఓటీపీలు చూడలేడు. కాకపోతే పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది, విడిపించడానికి పీయూకే నంబరు కావాలి. ఆ నంబరు మీ దగ్గర రాసి ఉంచుకోండి. ఫోన్ల ఐఎమ్‌ఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబరు, *#06# నొక్కితే కనిపిస్తుంది) కూడా మీ దగ్గర ఉండనివ్వండి. పోలీసు ఫిర్యాదుకి, ఫోన్‌ని బ్లాక్ చేయించడానికి అవి పనికొస్తాయి. ఫోన్ పోయిందని తెలియగానే మీరు ఇక్కడి నుంచి సిమ్ బ్లాక్ చేయించండి, బ్యాంకుకి చెప్పండి.

చార్జర్ గురించి రెండు మాటలు. మన గుండ్రటి మూడు కాళ్ళ ప్లగ్గు లండన్‌లో పట్టదు, అక్కడివి పలక కాళ్ళవి. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీలో సన్నటి రెండు కాళ్ళ ప్లగ్గు సరిపోతుంది. ఒక మంచి యూనివర్సల్ అడాప్టర్ కొనండి, రెండు కొంటే ఇంకా మంచిది. పవర్ బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి, లోపలికి పంపే పెట్టెలో పెడితే తీయించేస్తారు. ఎమిరేట్స్‌లో వెళ్తుంటే 2025 అక్టోబరు నుంచి విమానంలో పవర్ బ్యాంకుతో చార్జింగ్ పెట్టుకోనివ్వరు, ఫోన్లు ముందే నింపుకోమనండి.

ఇవన్నీ ఎప్పుడు చేయాలి అంటే, బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు. సిమ్ మార్పించినా, డూప్లికేట్ తీసుకున్నా, ఈ-సిమ్‌గా మార్చినా ఆ నంబరుకి 24 గంటల పాటు మెసేజ్‌లు ఆగిపోతాయి. మోసాలు ఆపడానికి 2022లో టెలికాం శాఖ పెట్టిన నియమం ఇది. ప్రయాణం ముందు రోజు సిమ్ మార్పించి, ఆ రాత్రి ఓటీపీ రాక అవస్థ పడ్డవాళ్ళు నాకు తెలుసు. కాబట్టి నాన్నగారి ఇండియా సిమ్‌ని ఇప్పుడు ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి.

వీలుంటే ఒక శనాదివారాలు ఖమ్మం వెళ్ళి రండి. మీరు చేసి చూపించడం కాదు, వాళ్ళ చేత చేయించండి. నాన్నగారి చేత ఫ్లైట్ మోడ్ వేయించి తీయించండి. దేశం మారినప్పుడు నెట్ రాకపోతే మొదట చేయాల్సింది అదే, పదిసార్లలో ఎనిమిదిసార్లు అదే సరిపోతుంది. అమ్మగారి చేత లొకేషన్ పంపించండి. ఆవిడని వీధి చివర గుడి దగ్గరికి పంపి, అక్కడి నుంచి మీకు లొకేషన్ పెట్టమనండి. రెండు మూడుసార్లు చేస్తే ఆవిడకి ధైర్యం వస్తుంది. రోమ్‌లో ఆ రోజు ఆ అమ్మకి లేనిది అదే.

చివరగా, ఇద్దరికీ చెరొక అట్టముక్క రాసివ్వండి, ఫోన్ చచ్చిపోయినా పనికొచ్చేలా. ఇంగ్లీషులో పేరు, టూర్ మేనేజర్ నంబరు, మీ నంబరు +91తో, వాడే మందులు, రక్తం గ్రూపు, యూరప్ అంతటా పనిచేసే అత్యవసర నంబరు 112. వెనకవైపు ఖాళీగా వదిలేయండి. ప్రతి ఊళ్ళో దిగగానే రిసెప్షన్‌లో హోటల్ చిరునామా కార్డు తీసుకుని దానికి పిన్ను పెట్టుకోమనండి. అమ్మగారైతే హ్యాండ్‌బ్యాగులో కాదు, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోమనండి. బ్యాగు పోయినా కార్డు ఒంటి మీద ఉంటుంది. మేనేజర్ నంబరు మీకు వీసాలు వచ్చాక, బయల్దేరడానికి వారం ముందు ఇస్తారు. అది రాగానే వాళ్ళకి ఒకసారి ఫోన్ చేసి, ఫలానా వాళ్ళ అబ్బాయినని పరిచయం చేసుకోండి. మేము ఆ కాల్ కోసం ఎదురు చూస్తూ ఉంటాం.